చిన్న తీర పట్టణానికి 30 ఏళ్ల జనాభా లెక్క: ఒక్క అంకె మీద ప్లాన్ వేయొచ్చా?

పటంగీత

ఈ ఫోరంలో అందరికీ నమస్కారం. చిన్న తీర పట్టణాల మాస్టర్ ప్లాన్లలో జనాభా అధ్యాయం ఎక్కడ చూసినా ఒకటే వరస. గత రెండు మూడు జనగణనలు, వాటి మీద ఒక గీత, 30 ఏళ్ల తర్వాతికి ఒక అంకె. దాన్ని మనిషికి ఇన్ని లీటర్లని గుణిస్తే నీళ్లు, అందులో 80 శాతం మురుగు. లోతట్టు ఊరికి ఇది ఎలాగో నడిచినా సముద్రం పక్కన నడవదు. బదులుగా ఏం చేయాలో లెక్కలతో సహా రాయమని కోరుతున్నాను.

అందరం ఒకే ఊరి గురించి మాట్లాడుకునేందుకు ఒక ఊహా పట్టణం పెడుతున్నాను. స్థిర నివాసులు 18,000. పదేళ్ల కిందట 14,500. ఇళ్లు 7,200, వాటిలో 1,900 ఏడాదిలో చాలా నెలలు తాళం వేసే ఉంటాయి. లాడ్జీలు, రిసార్టుల్లో 600 గదులు. నీళ్లన్నీ తీరం వెంబడి ఇసుక పొరలోని బోర్లవే. బయటికి పోయే దారి ఒక్కటే, రెండు వరసల రోడ్డు. ఊళ్లో సగం సముద్ర మట్టానికి 3 మీటర్ల ఎత్తు లోపలే.

ఏ జనాభాకు ప్లాన్ వేయాలి? ఈ ఊళ్లో ముందుగా చేతులెత్తేసేది ఏది?

జనలెక్క

ముందు మీ అంకెలే తీసుకుందాం. పదేళ్లలో 3,500 మంది పెరిగారు. అంకగణిత పద్ధతిలో ప్రతి పదేళ్లకూ 3,500 కలుపుకుంటూ పోతే 30 ఏళ్లకు 28,500. రేఖాగణిత పద్ధతిలో అదే శాతం (పదేళ్లకు 24.1) కొనసాగిస్తే 34,400. డేటా ఒకటే, తేడా మాత్రం 5,900 మంది, అంటే ఇప్పటి ఊళ్లో మూడో వంతు. ఆ 3,500లో 1,500 మంది ఒకే ఒక్క కారణంతో, ఉదాహరణకు రేవు పనుల వల్లో ఒక పెద్ద కాలనీ వల్లో వచ్చారనుకోండి. అది పదేపదే జరిగేది కాదు. దాన్ని పక్కన పెడితే పదేళ్లకు 2,000, 30 ఏళ్లకు 24,000. కాబట్టి 24,000, 28,500, 34,400 మూడూ ప్లాన్‌లో ఉండాలి. మధ్య అంకె ఒక్కటి ఉంచి మిగతా రెండూ చెరిపేయడమే అసలు తప్పు.

పెద్ద నగరంలో జననాలు, మరణాలు, వలసల ఒడుదొడుకులు ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. చిన్న ఊళ్లో వలసే సర్వం. అందుకే కోహార్ట్ పద్ధతి వాడాలి. జనాన్ని ఐదేళ్ల వయసు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకు జననాలు, మరణాలు, వచ్చినవాళ్లు, పోయినవాళ్లు విడివిడిగా వేసుకోవాలి. తీర పట్టణాల్లో తరచూ కనిపించే ఆకారం ఇది: చదువు ముగిసిన వయసువాళ్లు బయటికి పోతారు, రిటైరైనవాళ్లు లోపలికి వస్తారు. మొత్తం అంకె కదలదు, ఊరు మాత్రం మారిపోతుంది.

ఎలా మారుతుందో చూడండి. 5,300 ఇళ్లలో ఇంటికి సగటున 3.4 మంది, అవే మీ 18,000. పిల్లలు వెళ్లిపోయి, పెద్దవాళ్లు జంటలుగా వచ్చి చేరుతుంటే ఆ సగటు 2.6కు దిగుతుంది. అప్పుడు అదే 18,000 మందికి 6,930 ఇళ్లు కావాలి. ఒక్క మనిషి పెరగకుండా 1,600కు పైగా ఇళ్లు, అన్ని కుళాయిలు, అన్ని మురుగు కనెక్షన్లు. జనాభా పెరగడం లేదు కదా అని లేఅవుట్ స్థలం కేటాయించని ఊరు ఇక్కడే ఇరుక్కుంటుంది.

మంచినీళ్లు

ఇళ్ల లెక్క సరే, నీళ్ల పైపు సైజు తేల్చేది మాత్రం జనగణన కాదు, రద్దీ రోజు. మూడు అంకెలు విడిగా రాసుకోవాలి.

ఒకటి, స్థిర నివాసులు, 18,000. రెండు, రద్దీ రోజు రాత్రి ఊళ్లో పడుకునేవాళ్లు. తాళం ఇళ్లు 1,900, వాటిలో 85 శాతం తెరుచుకుంటే, ఇంటికి నలుగురు చొప్పున 6,460. గదులు 600, గదికి రెండున్నర చొప్పున 1,500. మొత్తం దాదాపు 26,000. మూడు, పగలు వచ్చి సాయంత్రానికి పోయేవాళ్లు, 5,000 అనుకుందాం. పగటి పూట ఊళ్లో 31,000 మంది.

నీటికి లెక్క ఇలా. మామూలు రోజు 18,000 మందికి 150 లీటర్ల చొప్పున 2,700 ఘనపు మీటర్లు. రద్దీ ఎండాకాలంలో పడితే తోటలు, స్నానాలు కలుపుకుని 26,000 మందికి 180 చొప్పున 4,680. పగటి జనానికి 40 చొప్పున 200. కలిపి 4,880. పైపుల్లో పోయే 20 శాతం కూడా చూసుకుంటే ఉత్పత్తి 6,100 కావాలి.

మురుగుపైపు

చివరి మెట్టు దగ్గర ఒక్క సవరణ, మంచినీళ్లు గారూ. లీకు అన్నది వాడకంలో శాతంగా పెరగదు. అది పైపు పొడవు, కీళ్లు, ఒత్తిడిని బట్టి ఉంటుంది. మామూలు రోజు 2,700 ఘనపు మీటర్లు ఇళ్లకు చేరాలంటే 3,375 పంపాలి, అంటే లీకు 675. రద్దీ రోజున కూడా లీకు దాదాపు అదే 675. కాబట్టి కావలసింది 5,555, మీరన్న 6,100 కాదు. 500 ఘనపు మీటర్లు చిన్న తేడా కాదు, ఒకటి రెండు బోర్ల పని. ఇంకో సంగతి: జనం తక్కువున్న నెలల్లో వాడకం పడిపోయి పైపుల్లో ఒత్తిడి పెరుగుతుంది. లీకు ఎక్కువయ్యేది అప్పుడే. రాత్రి పూట ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడితే ఆ నష్టం బాగా అదుపులోకి వస్తుంది.

మంచినీళ్లు

ఒప్పుకుంటున్నాను, 5,555 సరైన లెక్క.

పటంగీత

రాత్రి జనాభా 26,000 అన్నది ఊహ మీద కట్టిన అంకె. 85 శాతం ఇళ్లు, ఇంటికి నలుగురు అని ఎలా రుజువు చేస్తాం? కౌన్సిల్ ముందు పెడితే మొదటి ప్రశ్నే అది.

జనలెక్క

ఒకే ఆధారంతో రుజువు కాదు. మూడు నాలుగు పక్కపక్కన పెట్టి చూడాలి. మురుగు శుద్ధి కేంద్రానికి రోజూ వచ్చే ప్రవాహం అన్నిటికన్నా నమ్మదగ్గది, వాన పడని రోజులు మాత్రమే తీసుకుంటే. దానితో పాటు వచ్చే సేంద్రియ భారం (బీవోడీ) కూడా చూడండి. ప్రవాహంలో ఊటనీరు కలుస్తుంది, బీవోడీ మాత్రం మనుషులతోనే వస్తుంది. తాళం ఇళ్లకు కరెంటు మీటర్లు చాలు. నెలల తరబడి ఫ్రిజ్ వాడకం కూడా లేని కనెక్షన్లు ఎన్ని, అవి ఏ నెలలో లేస్తున్నాయి అన్నది బిల్లుల్లోనే ఉంటుంది. చెత్త బరువు పనికొస్తుంది గానీ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చూపిస్తుంది, హోటళ్ల చెత్త దాన్ని ఉబ్బిస్తుంది. మొబైల్ సంకేతాల లెక్కలు పగటి జనానికి బాగుంటాయి. ఒక మనిషికి రెండు సిమ్‌లు, పిల్లలకు ఏదీ ఉండదు కాబట్టి వాటిని నేరుగా తలలుగా లెక్కపెట్టకూడదు.

తరచూ వదిలేసే గుంపు ఒకటుంది. సీజన్‌లో పనికి వచ్చి హోటళ్ల వెనక గదుల్లో, అద్దె షెడ్లలో పడుకునేవాళ్లు. వాళ్లు నివాసుల లెక్కలోనూ రారు, పర్యాటకుల లెక్కలోనూ రారు. వాళ్లకు నీళ్లు, మరుగుదొడ్డి, తుఫాను వస్తే ఆశ్రయం అందరితో సమానంగా కావాలి. ఈ వరస లేని పట్టికను తిప్పి పంపాలి.

వాడకట్టు

ఆ 1,900 తాళం ఇళ్ల గురించి మరో కోణం. రేపు వాటిలో 40 శాతం, అంటే 760 ఇళ్లు, స్థిర నివాసాలవుతాయనుకోండి. రిటైరయ్యాక వచ్చి ఉండిపోవడం, ఇంటి నుంచి ఉద్యోగం, కారణం ఏదైనా కావచ్చు. ఇంటికి 2.1 చొప్పున 1,600 మంది కొత్త నివాసులు. ఒక్క భవన అనుమతి కూడా ఇవ్వలేదు, ఎవరి రికార్డులోనూ కనబడదు.

రద్దీ రోజు జనం మాత్రం దాదాపు పెరగదు, ఎందుకంటే ఆ ఇళ్లు ఆ రోజు ఎలాగూ నిండి ఉండేవే. పెరిగేది ఏడాది పొడవునా సాగే వాడకం. కాబట్టి పైపులు, ట్యాంకులు తట్టుకుంటాయి. దెబ్బ తగిలేది ఏడాది లెక్కతో నడిచే వాటికి: బోర్లకు, ఆసుపత్రికి, చెత్త డంపుకు. అదే 300 గదుల కొత్త రిసార్టు వస్తే వ్యవహారం తిరగబడుతుంది. ఏడాది సగటు కాస్తే కదులుతుంది, రద్దీ రోజు మాత్రం పైకి లేస్తుంది. ఇళ్ల వల్ల పెరుగుదల, గదుల వల్ల పెరుగుదల రెండూ ఒకే "జనాభా వృద్ధి" వరసలో పడేస్తే ఏ మరమ్మతు ఎక్కడ కావాలో తెలియదు.

మంచినీళ్లు

వాడకట్టు గారు చెప్పినదాంట్లో బోర్ల సంగతి విడమరచాలి. ఈ ఊళ్లో అన్నిటికన్నా ముందు చేతులెత్తేసేది అదేనని నా అభిప్రాయం.

తీరపు ఇసుక పొరలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీటి సాంద్రత 1.025, మంచినీటిది 1.000. ఆ తేడా వల్ల సముద్ర మట్టానికి పైన మంచినీరు 1 మీటరు ఉంటే కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. దీన్నే గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. ఇది తిరగేసి చదివితే భయం తెలుస్తుంది: పంపు పెట్టి మట్టాన్ని అర మీటరు దించితే, నిలకడకు వచ్చేసరికి ఉప్పునీటి హద్దు 20 మీటర్లు పైకి వస్తుంది. నిజంలో హద్దు గీతలా ఉండదు, కలగలుపు పొరగా ఉంటుంది. కాబట్టి ఉప్పు ఈ లెక్క కన్నా ముందే తగులుతుంది.

ఎంత ఉప్పు కలిస్తే నీళ్లు పాడవుతాయి? సముద్రపు నీటిలో క్లోరైడు లీటరుకు 19,000 మిల్లీగ్రాముల చిల్లర. బోరు నీటిలో ముందే 40 ఉందనుకుంటే, 1 శాతం సముద్రం కలిస్తే 230. నోటికి తెలిసే హద్దు 250 దగ్గర. 2 శాతం కలిస్తే 420. ఆ బోరు తాగునీటికి పనికిరాదు. నూరు బిందెల్లో రెండు బిందెలు చాలు. ఒకసారి ఉప్పెక్కిన పొర మళ్లీ కడుక్కోవడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే లోతైన ఒక పెద్ద బోరు కన్నా తక్కువ లోతులో, దూరదూరంగా, చిన్న పంపులతో పది బోర్లు మేలు. పెద్ద పంపు కింద ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది, దాన్నే అప్‌కోనింగ్ అంటారు. తీరానికి, బోర్లకు మధ్య కనీసం రెండు పరిశీలన బోర్లు వేసి, వాటిలో వేర్వేరు లోతుల్లో విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) నెలనెలా కొలవాలి. సరఫరా బోరులో ఉప్పు కనిపించాక చేసేదేమీ ఉండదు. పరిశీలన బోరులో కనిపిస్తే పంపింగ్ తగ్గించే వ్యవధి దొరుకుతుంది.

ఏడాదికి ఈ పొర భద్రంగా ఇవ్వగలిగింది ఎంతో తేలిన తర్వాతే జనాభా అంకె మాట్లాడాలి. నా వాదన అంతా ఇదే: ఎంతమంది వస్తారని కాదు, ఎంతమందికి సరిపోతుందని మొదలుపెట్టాలి.

పటంగీత

సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే డీశాలినేషన్ ప్లాంటు పెడితే ఆ పరిమితి పోతుంది కదా అని అంటారు. జవాబేమిటి?

మంచినీళ్లు

పరిమితి పోదు, చోటు మారుతుంది. రోజుకు 2,000 ఘనపు మీటర్ల ప్లాంటు, తోడిన దాంట్లో 40 శాతం మంచినీరుగా వస్తుందనుకుంటే సముద్రం నుంచి 5,000 తోడాలి, అందులో 3,000 దాదాపు ఒకటిన్నర రెట్లకు పైగా ఉప్పదనంతో తిరిగి వదలాలి. ఘనపు మీటరుకు మూడున్నర యూనిట్ల చొప్పున రోజుకు 7,000 యూనిట్ల కరెంటు. ఆ ఉప్పునీటిని నిలకడ నీళ్లున్న కయ్యలోనో మొగ లోపలో వదిలితే అడుగున పేరుకుని చేపపిల్లలు పెరిగే చోటే పాడవుతుంది. నీటిని చెదరగొట్టి వదిలే గొట్టాలతో (డిఫ్యూజర్లు) బయటి అలల్లో కలపాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు దాన్ని రద్దీ నెలలకే నడపడం. మిగతా కాలం ఆపితే ఉప్పును వడగట్టే పొరలను (మెంబ్రేన్లు) కడిగి సోడియం బైసల్ఫైట్ ద్రావణంలో ఉంచాలి, లేదంటే వాటి మీద జీవ పొర పెరిగి పనికిరాకుండా పోతాయి. తిప్పి చేయాలి: చిన్న ప్లాంటు ఏడాదంతా ఆగకుండా నడవాలి, జనం తక్కువున్నప్పుడు బోర్లకు విశ్రాంతి ఇవ్వాలి, రద్దీ వారాల్లో బోర్లు తోడు రావాలి. పొర కూడా ఒక ట్యాంకే, దాన్ని నింపి పెట్టుకోవాలి.

మురుగుపైపు

మురుగు వైపు రద్దీకి, ఖాళీకి మధ్య తేడా ఇంకా కష్టం తెస్తుంది. గంటవారీ గరిష్ఠానికి హార్మన్ సూత్రం వాడదాం: 14ను (4 + వేలల్లో జనాభా వర్గమూలం)తో భాగించి 1 కలపాలి. సగటు ప్రవాహానికి 18,000 మందికి 2.70 రెట్లు, 34,400కు 2.42 రెట్లు. 30 ఏళ్ల తర్వాతి 34,400 రద్దీకి పైపు వేసి, ఈ ఏడాది జనం లేని నెలలో చూస్తే పైపు అడుగున సన్నటి ధార మాత్రమే ఉంటుంది. వేగం సెకనుకు 0.6 మీటర్లు లేకపోతే ఇసుక కదలదు. తీర పట్టణపు మురుగులో ఇసుకకు కొదవ ఉండదు. ఇసుక పేరుకుంటుంది, నీరు కుళ్లుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కాంక్రీటు మ్యాన్‌హోల్ పైకప్పు నుంచి తినేస్తుంది. మ్యాన్‌హోల్ లోపల చేత్తో గీరితే తెల్లటి పిండిలా రాలుతుంటే ఆ పని మొదలైనట్టే. అలాంటి మ్యాన్‌హోల్లోకి గ్యాస్ మీటరు లేకుండా మనిషిని దింపకూడదు, ఏ తొందరలోనైనా సరే.

పల్లపు ఊళ్లో ఇంకో చిక్కు వాలు. 200 మిల్లీమీటర్ల పైపుకు 250 మీటర్లకు ఒక మీటరు వాలు కావాలనుకుందాం. కిలోమీటరుకు 4 మీటర్లు. మొదట్లో 1.2 లోతున మొదలైన పైపు కిలోమీటరు పోయేసరికి 5.2 లోతుకు చేరుతుంది. నేల నీరు ఒక మీటరు లోతులోనే ఉంది. అంటే ఇసుకలో, నీటిలో తవ్వకం, కీళ్లన్నీ శాశ్వతంగా నీటి కింద. ప్రతి 600, 700 మీటర్లకు ఒక చిన్న పంపింగ్ సంపు పెట్టుకోవడం దీనికన్నా మంచిది. చదును మరీ ఎక్కువైతే వాక్యూమ్ సీవరు (వాలుతో కాకుండా గాలి పీల్చి మురుగును లాగే పైపులు) ఆలోచించాలి, కందకం ఒకటిన్నర మీటరు దాటదు. కాకపోతే వాల్వుల నిర్వహణకు శిక్షణ ఉన్న మనుషులు ఊళ్లోనే ఉండాలి.

కీళ్లలోంచి సముద్రం లోపలికి వస్తోందా అన్నది కనిపెట్టడం తేలిక. తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య, పెద్ద పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి, సంపులో ప్రవాహం, వాహకత కొలవండి. మనుషులు నిద్రపోయే వేళ పోటుతో పాటు రెండూ పెరుగుతుంటే అది ఇళ్ల నీరు కాదు. ఏ సంపులో ఎక్కువ పెరుగుతుందో ఆ వాడలో సీసీటీవీ కెమెరా పంపాలి. ఊరు విస్తరించక ముందు ఈ లీకులు మూస్తే శుద్ధి కేంద్రంలో ఎంతో కొంత చోటు మిగులుతుంది. కొత్త కేంద్రం కన్నా చవకైన సామర్థ్యం అదే.

శుద్ధి కేంద్రం ఒకే పెద్ద తొట్టిగా కాకుండా రెండు మూడు సమాన వరసలుగా కట్టాలి. అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా మెల్లగా పెరుగుతుంది. సెలవుల ముందు రోజు రెండో వరస తెరిస్తే పనిచేయదు, కొన్ని వారాల ముందే మొదటి వరస బురద కొంత అందులోకి మార్చి అలవాటు చేయాలి.

వాడకట్టు

సెప్టిక్ ట్యాంకుల మీద ఉన్న వాడల సంగతి? శివారు లేఅవుట్లన్నీ వాటి మీదే వస్తాయి.

మురుగుపైపు

ట్యాంకు నీరు నేలలోకి ఇంకే చోటు (ఇంకుడు పొలం) కింద కనీసం 0.6 నుంచి 1.2 మీటర్ల పొడి నేల ఉండాలి, మురుగు శుభ్రపడేది ఆ పొడి పొరలోనే. నేల నీరు మీటరు లోతున ఉన్న చోట ఆ దూరం దొరకదు. సముద్ర మట్టం పెరిగే కొద్దీ నేల నీరు కూడా పైకి వస్తుంది. ఇవాళ పనిచేసే ట్యాంకు 20 ఏళ్లకు పనిచేయకపోవచ్చు. అదే వాడలో బోర్లుంటే రెండూ కలుస్తాయి. అలాంటి చోట లేఅవుట్‌కు మురుగు లైను ముందు, ప్లాట్లు తర్వాత.

పోటుపాటు

ఇక వాన నీరు. ఊరు పెరిగితే ముందు నష్టపోయేది పాత పల్లపు వాడలే, ఎందుకంటే కొత్త కాలనీ నీళ్లన్నీ వాటి మీదుగానే సముద్రానికి పోవాలి.

40 హెక్టార్ల వాడ తీసుకోండి. కాలువ సముద్రంలో కలిసే చోట తూముకు ఫ్లాప్ తలుపు ఉంది. పోటు మీద అది మూసుకుంటుంది, మూడు గంటల పాటు నీరు బయటికి పోదు. సరిగ్గా అప్పుడే 50 మిల్లీమీటర్ల వాన పడితే 20,000 ఘనపు మీటర్లు. పెరళ్లు, ఇసుక నేల ఎక్కువున్నప్పుడు 35 శాతం పారుతుంది: 7,000. కాంక్రీటు పరిస్తే 65 శాతం: 13,000. ఆ 13,000కు నిలవ చోటు ఉండాలి. నేల నీరు పైనే ఉంది కాబట్టి చెరువు లోతు ఒక మీటరుకు మించి దొరకదు, అంటే 1.3 హెక్టార్ల స్థలం. ఆ స్థలం ఇవాళ చవకగా, ఖాళీగా ఉంటుంది. లేఅవుట్ మంజూరయ్యాక దొరకదు. పటం మీద నీలం రంగు ఇవాళే వేయాలి.

ఫ్లాప్ తలుపు పాడయ్యే తీరు ఎప్పుడూ ఒకటే: ఇసుక మేట వేసి తెరుచుకోదు, లేదా కర్ర ముక్క అడ్డం పడి మూసుకోదు. రెండోది ప్రమాదం, ఎండ రోజునే వీధిలోకి సముద్రం వస్తుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు రెండు రోజుల ముందు తలుపు చూసి రావడం ఎవరి డ్యూటీనో ప్లాన్‌లో పదవి పేరుతో రాయాలి.

మట్టాల దగ్గర ఒక హెచ్చరిక. డేటమ్ అంటే ఎత్తులు కొలిచే సున్నా మట్టం. పోటు పట్టికలు చార్ట్ డేటమ్ మీద ఉంటాయి, నేల ఎత్తులు చూపే కాంటూరు పటాలు సగటు సముద్ర మట్టం మీద. రెండూ కలిపేస్తే మీటరు, పోటు ఎక్కువున్న తీరాల్లో కొన్ని మీటర్ల తప్పు వస్తుంది. పంపింగ్ స్టేషన్ కరెంటు ప్యానెల్ మునిగేది ఇలాగే. డ్రాయింగుల్లో ప్రతి మట్టం పక్కన ఏ డేటమో రాసి ఉండాలి.

సముద్ర మట్టానికి ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు శాస్త్రవేత్తల బృందం) 2021 నివేదిక అంకెలు వాడండి: 1995–2014 సగటు మీద 2100 నాటికి ఉద్గారాలు బాగా తగ్గితే 0.28 నుంచి 0.55 మీటర్లు, బాగా పెరిగితే 0.63 నుంచి 1.01. దీనికి నేల కుంగుదల విడిగా కలపాలి. బోర్లు ఎక్కువగా తోడే డెల్టా నేలల్లో కుంగుదలే పెద్ద అంకె కావచ్చు.

పటంగీత

తీరం నుంచి ఎంత వెనక్కి కట్టాలి? స్థిర దూరమా, కోత రేటును బట్టా?

పోటుపాటు

మధ్యధరా దేశాల 2008 మాడ్రిడ్ ప్రొటోకాల్ కనీసం 100 మీటర్లంటుంది. అమెరికాలోని నార్త్ కరొలైనా కోత రేటును బట్టి పోతుంది: చిన్న భవనానికి ఏటి కోతకు 30 రెట్లు. కోత ఏటా 0.8 మీటర్లయితే 24 మీటర్లు. కానీ కట్టిన ఇల్లు 30 ఏళ్లకు ఎవరూ ఖాళీ చేయరు, కనీసం 60 ఏళ్లు చూడాలి, అంటే 48. స్థిర దూరం, కోత లెక్క ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవడం మంచిది. గీత లోపల ఇసుక తిన్నెలు ఉంటే వాటి వెనక అంచు దాకా మొత్తం వదలాలి. తిన్నెను చదును చేసి రోడ్డు వేస్తే ఊరికున్న ఉచిత గోడ పోయినట్టే. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు కూడా ఈ పట్టీలోనే ఉంటాయి. వాటిని "ఖాళీ స్థలం" అని గుర్తించిన పటం తప్పు పటం.

ఒక్క దారి సంగతి కూడా చూడండి. తుఫాను హెచ్చరిక రద్దీ వారంలో వస్తే రాత్రి జనం 26,000. బండికి ముగ్గురు చొప్పున 8,700 బళ్లు. బయటికి ఒక వరస, గంటకు 900 బళ్లు పోతే 9.7 గంటలు. ఊరి చివరి కూడలి దగ్గర 600కు పడిపోతే 14.5 గంటలు. ఈ లోపే రోడ్డులో పల్లపు ముక్క మునిగితే లెక్కంతా వృథా. ముందు ఆ ముక్కను ఎత్తు చేయాలి, రెండో వరస తర్వాత. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో తుఫానుకు ముందు జనం ఖాళీ చేయడానికి పట్టే సమయాన్ని బట్టి 1992లో ఏటా ఇచ్చే ఇళ్ల అనుమతులకు పరిమితి పెట్టారు. జనాభా అంకెను రోడ్డు తేల్చిన ఊరు అది.

వాడకట్టు

పరిమితుల మీద నా అభ్యంతరం చెప్పాలి. కాలిఫోర్నియాలో బోలినాస్ అనే చిన్న తీర ఊరు నీళ్లు చాలవని 1971లో కొత్త నీటి కనెక్షన్లు ఆపేసింది. ఊరు చిన్నగానే ఉంది, నిజమే. కానీ కనెక్షనే ఆస్తిగా మారుతుంది, ధర పెరుగుతుంది, చేపలు పట్టేవాళ్లు, నర్సులు, టీచర్లు లోతట్టుకు పోతారు. ఇంగ్లండ్‌లో సెయింట్ ఐవ్స్ 2016లో ఓటు వేసి కొత్తగా కట్టే ఇళ్లు ప్రధాన నివాసాలుగానే వాడాలంది. ఉద్దేశం గొప్పది, కానీ పాత ఇళ్లకు ఆ నిబంధన లేదు, రెండో ఇల్లు కావాలనేవాళ్ల గిరాకీ పాత ఇళ్ల మీదికి మళ్లుతుంది. తలుపు మూస్తే ముందు బయట మిగిలేది డబ్బు లేనివాళ్లే. ఊరికి వాళ్లు కావాలి.

మంచినీళ్లు

మీ ఆవేదన న్యాయమైనదే. అందుకని పరిమితే వద్దంటే ఉప్పెక్కిన బోరు అందరికీ సమానంగా చేటు చేస్తుంది, బాటిల్ నీళ్లు కొనలేనివాళ్లకు ముందుగా. పరిమితి మనుషుల మీద కాకుండా సామర్థ్యం మీద పెట్టి, ఉన్న సామర్థ్యంలో కొంత వాటా ఊళ్లో పనిచేసేవాళ్ల ఇళ్లకు ముందే పక్కన పెట్టండి. రిసార్టు గదికి కనెక్షన్ కావాలంటే అంతే నీటిని లీకులు మూసో, పాత ఫ్లష్ ట్యాంకులు మార్చో ఊళ్లో ఆదా చేసి చూపాలని షరతు పెట్టండి.

వాడకట్టు

వాటా ముందే పక్కన పెట్టేట్టయితే ఒప్పుకుంటాను. ఆ ఇళ్ల స్థలం కూడా 3 మీటర్ల పైనున్న నేలలో, బస్సు దారి మీద చూపించాలి. చవక ఇళ్లన్నీ పల్లంలోకి తోయడం చాలా ప్లాన్లలో జరుగుతున్నదే. వేల్స్‌లో ఫెయిర్‌బోర్న్ అనే ఊరికి సముద్రపు గట్టును ఎప్పటికీ నిలబెట్టలేమని ప్రణాళికలోనే రాశారు. ఇళ్లు కట్టి జనం స్థిరపడ్డాక ఆ మాట వింటే ఆ కుటుంబాల గతి ఏమిటి? వదిలేయక తప్పదని తెలిసిన పల్లంలో కొత్త ఇంటికి అనుమతి ఇవ్వకపోవడమే వాళ్లకు చేసే మేలు.

పటంగీత

చివరిగా ఒకటి. మూడు జనాభా అంకెలు, మూడు రకాల రద్దీ పెట్టుకుంటే నిర్మాణం ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా తేలుతుంది?

జనలెక్క

సంవత్సరం రాయకండి, సామర్థ్యంలో ఎంత శాతం నిండితే మొదలుపెట్టాలో రాయండి. కొత్త శుద్ధి కేంద్రం నిర్ణయం నుంచి నడిచే దాకా 6 ఏళ్లు అనుకుందాం. రద్దీ రోజు భారం ఏటా 2.2 శాతం పెరుగుతుంటే, సామర్థ్యంలో 88 శాతం చేరినప్పుడు మొదలుపెట్టినా అందుతుంది. పెరుగుదల 4 శాతమైతే 79 శాతం దగ్గరే మొదలుపెట్టాలి. "80 శాతం దాటితే చూద్దాం" అనే అలవాటు నెమ్మదిగా పెరిగే ఊరికి సరిపోతుంది, వేగంగా పెరిగే ఊరికి అప్పటికే ఆలస్యం.

కొలత రద్దీ వారపు ఏడు రోజుల సగటు మీద తీసుకోండి, ఏడాది సగటు మీద కాదు. ఆ శాతంలో ఇవాళ్టి వాడకంతో పాటు అనుమతి ఇచ్చి ఇంకా కట్టని ప్లాట్లు కూడా కలపాలి. 600 ప్లాట్ల లేఅవుట్ మంజూరై ఖాళీగా ఉంటే, ఆ 600 కనెక్షన్లు ఇచ్చినట్టే లెక్క. అనుమతికి కాలపరిమితి పెట్టండి, మూడేళ్లలో పునాది పడకపోతే ఆ సామర్థ్యం తిరిగి ఊరి ఖాతాలోకి వచ్చేలా.

మురుగుపైపు

దానికి తోడు, భూమి మాత్రం మొదటి రోజే 34,400కు సరిపడా తీసుకోండి. సంపుల స్థలం, పైపు దారి, శుద్ధి కేంద్రం పక్కన మూడో వరసకు చోటు. సివిల్ పనులు 30 ఏళ్లకు, పంపులు, మోటార్లు 15 ఏళ్లకు. సంపులో మూడో పంపుకు పునాది, పైపు తొడుగు, కేబుల్ గొట్టం ముందే పెట్టేస్తే తర్వాత గోడ పగలగొట్టే పని ఉండదు. ప్యానెల్ బోర్డు ఎత్తు మాత్రం పోటుపాటు గారు చెప్పిన డేటమ్‌తో సరిచూసి, సముద్రపు పెరుగుదల కలిపి, ఆ పైన అర మీటరు ఎత్తున పెట్టించండి.